ఏసీ కొనేముందు... కిటికీనీ, మీటరునూ చూడండి!

ఉగాది వెళ్లిందంటే చాలు, ఇంట్లో ఒకటే పోరు... 'ఈసారైనా ఏసీ పెట్టించండి' అని. సికింద్రాబాద్‌లోని మెట్టుగూడ లాంటి చోట ఆ పోరుకు కారణమూ ఉంది. పక్కనే 1893 నాటి లాలాగూడ రైల్వే వర్క్‌షాపు, చుట్టూ రైల్వే క్వార్టర్లు, సన్నటి గల్లీల్లో గోడకు గోడ ఆనుకున్న రెండు గదుల పోర్షన్లు. రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు పడుకోవాల్సిన వాళ్లున్న ఇళ్లలో మే నెల మధ్యాహ్నం ఎలా గడుస్తుందో చెప్పక్కర్లేదు. 1966 జూన్‌ 2న 45.5 డిగ్రీలు చూసిన నగరం మరి!

చిన్న ఇంటికి విండో ఏసీ అచ్చంగా సరిపోయే సరుకు. అంతా ఒకే పెట్టెలో ఉంటుంది. బయట యూనిట్‌ పెట్టడానికి వేరే చోటు వెతుక్కోనక్కర్లేదు. అద్దె ఇల్లు మారితే విప్పి వెంట తీసుకుపోవచ్చు. కాస్త చప్పుడు ఎక్కువ, కిటికీ వెలుతురు తగ్గుతుంది. ఆ రెండూ సర్దుకోగలిగితే ఇక ఎంపికలోకి దిగొచ్చు.

కిటికీ ఒప్పుకోవాలి

షాపుకెళ్లే ముందే టేపు పెట్టి కిటికీ కొలవండి. మోడల్‌ను బట్టి ఏసీ కొలతలు మారతాయి కాబట్టి ఆ చీటీ జేబులో ఉండాల్సిందే. పాత ఇళ్లలో కిటికీకి ఇనుప ఊచలుంటాయి. వాటిని కోయాలంటే యజమాని అనుమతి ముందే తీసుకోవాలి.

విండో ఏసీ గదిలోని వేడిని లాగి వెనక నుంచి బయటికి వదులుతుంది. అందుకని వెనక, పక్కలా గాలి ఆడాలి. మూడడుగుల సందులోకి తెరుచుకునే కిటికీ అయితే ఆ వేడి ఎదురింటి గోడకు తగిలి మళ్లీ మనకే వస్తుంది. లేదా పక్కింటివాళ్ల కిటికీలో దూరి తగువు తెస్తుంది! పడమటి ఎండ నేరుగా తగిలే కిటికీ కంటే ఉత్తరం వైపుది మేలు. బిగించేటప్పుడు వెనక భాగం కాస్త కిందికి వాలి ఉంటేనే నీరు గదిలోకి రాదు. ఆ నీరు కింది పోర్షన్‌ వాళ్ల మీద పడకుండా ఓ పైపు పెట్టించండి.

టన్నంటే బరువు కాదు

ఒక టన్ను మంచు 24 గంటల్లో కరగడానికి ఎంత వేడిని పీల్చుకుంటుందో, అంత వేడిని రోజులో గదిలోంచి లాగేసే శక్తే 'ఒక టన్ను'. లెక్కలో చెప్పాలంటే గంటకు 12,000 బీటీయూలు. పది అడుగులు, పన్నెండు అడుగుల పడకగదికి మామూలుగా ఒక టన్ను చాలు. పైన నేరుగా డాబా ఉండి రోజంతా ఎండలో కాలే గది అయితే ఒకటిన్నర గురించి ఆలోచించాలి. దానికి ముందు డాబాకు తెల్లటి కూల్‌ పెయింట్‌ వేయించి చూడండి. వేడిని తగ్గించే ఇలాంటి కప్పుల కోసమే తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రత్యేక విధానం తెచ్చింది.

స్టార్లు కాదు, యూనిట్లు చూడండి

'ఫైవ్‌ స్టార్‌ అండీ' అని షాపువాళ్లు చెప్పగానే తల ఊపేయొద్దు. విండోకీ, స్ప్లిట్‌కీ స్టార్లిచ్చే కొలమానాలు వేరు. విండోది కాస్త సులువు. కాబట్టి రెండింటి ఐదు స్టార్లూ ఒకటి కావు. పైగా కొన్నేళ్లకోసారి ఈ కొలమానాన్ని బిగిస్తుంటారు. లేబుల్‌ ఏ కాలానిదో కూడా చూడాలి.

అదే లేబుల్‌ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో ఉంటుంది. అది 1,600 గంటల వాడకానికి కట్టిన లెక్క. ఆ అంకెను 1,600తో భాగిస్తే గంటకు ఎంతో తెలిసిపోతుంది. 880 యూనిట్లని ఉందనుకోండి... గంటకు 0.55 యూనిట్‌. ఎండలు ముదిరితే ఇంకొంచెం ఎక్కువే.

ఆ రెండొందల గీత

చిన్న ఇంటికి అసలు పరీక్ష ఇక్కడే. ఇంట్లో ఫ్యాన్లు, ఫ్రిజ్‌, టీవీ కలిపి నెలకు 110 యూనిట్లు అనుకుందాం. పై ఏసీని రోజుకు 8 గంటలు వేస్తే 132. మొత్తం 242. అదే 5 గంటలకు తగ్గిస్తే 82. మొత్తం 192.

తేడా 50 యూనిట్లే కదా అనుకోవద్దు. 2022 ఏప్రిల్‌ నుంచి అమల్లోకి వచ్చిన ధరల ప్రకారం 200 యూనిట్లకు కరెంటు ఛార్జీ 820 రూపాయలు. ఒక్క యూనిట్‌ దాటితే మొదటి యూనిట్‌ నుంచే రేటు మారి అది వెయ్యి దాటుతుంది. గృహజ్యోతి కింద 2024 మార్చి నుంచి సున్నా బిల్లు అందుకుంటున్న కుటుంబాలకైతే దెబ్బ మరీ పెద్దది. 200 దాటిన నెల మొత్తం బిల్లు కట్టాల్సిందే. ఒకే మీటరు మీద రెండు పోర్షన్లుంటే ఆ గీత ఇంకా త్వరగా వచ్చేస్తుంది.

తీగ తట్టుకోవాలి

పాత వైరింగ్‌లో ఫ్యాన్‌ ప్లగ్గుకే ఏసీ తగిలించడం ప్రమాదం. మీటరు బోర్డు నుంచి విడిగా రాగి తీగ, 16 ఆంపియర్ల సాకెట్‌, ఎంసీబీ, సరైన ఎర్తింగ్‌ ఉండాలి. మీ కనెక్షన్‌కు మంజూరైన లోడు చాలుతుందో లేదో బిల్లు మీద చూసుకోండి. ఈ ఖర్చులన్నీ ఏసీ ధరకు కలుపుకొన్నాకే బడ్జెట్‌ వేసుకోవాలి.

వాడకంలోనే పొదుపు

బీఈఈ లెక్క ప్రకారం ఒక్క డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుంది. 22 బదులు 26లో పెట్టి, పైన ఫ్యాన్‌ నెమ్మదిగా వేసుకుంటే ఒంటికి చల్లదనం తగ్గదు. తలుపు కింద సందు మూయండి. మందపాటి కర్టెన్‌ వేయండి. తెల్లవారుజామున ఆగిపోయేలా టైమర్‌ పెట్టండి. ఫిల్టర్‌ను రెండు వారాలకోసారి కడగండి. వారానికోసారి మీటరు రీడింగ్‌ రాసిపెట్టుకుంటే గీత ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది.

రెండు గదులకు రెండు ఏసీలు కొని, బిల్లుకు భయపడి రెండూ ఆపుకొని కూర్చోవడం కంటే... ఒక్క గదికి సరైనది పెట్టించుకుని, మే నెలలో ఇంటిల్లిపాదీ అందులో హాయిగా నిద్రపోవడం మేలు కదూ!