పందెంలో అమ్మాయి తూలుతుంటే చూస్తున్నవాళ్లేం చెయ్యాలి?

"మా అమ్మాయి గోవాలో ట్రయథ్లాన్ పోటీకి వెళుతోంది. చూడటానికి మేమిద్దరం కూడా వెళదామనుకుంటున్నాం. అంతంత దూరాలు ఆడపిల్ల ఒళ్లు తట్టుకుంటుందా? మధ్యలో పడిపోతే మేమేం చెయ్యాలి?" అని వెస్ట్ మారేడ్‌పల్లి నుంచి ఓ తల్లి అడిగారు.

మొదటి ప్రశ్నకు జవాబు చిన్నదే. అలవాటు చేసుకున్న ఒళ్లు తట్టుకుంటుంది. 1928 ఒలింపిక్స్‌లో 800 మీటర్ల పరుగు చివర కొందరు స్త్రీలు అలసిపోయి కూలబడ్డారన్న నెపంతో, 1960 దాకా ఆ పందేన్నే స్త్రీలకు లేకుండా చేశారు. అదే ఒలింపిక్స్‌లో 2000 నుంచీ స్త్రీలు ఒకటిన్నర కిలోమీటర్లు ఈది, 40 కిలోమీటర్లు సైకిలు తొక్కి, 10 కిలోమీటర్లు పరుగెడుతున్నారు. మగవాళ్లకూ అంతే దూరం! గోవాలో 2019లో మొదలైన ఐరన్‌మ్యాన్ 70.3 ఇంకా పెద్దది. ఈత 1.9, సైకిలు 90, పరుగు 21.1 కిలోమీటర్లు. సైకిలు దూరమే దాదాపు మారేడ్‌పల్లి నుంచి జనగామ దాకా అనుకోండి. గర్భసంచి జారిపోతుందని ఎవరైనా భయపెడితే నమ్మకండి. అయితే సాధన చేసే రోజుల్లో నెలసరి మూడు నెలలు ఆగిపోతే మాత్రం డాక్టరుకు చూపించండి. శ్రమకు తగ్గ తిండి పడకపోవటం అందుకు ఒక కారణం. అలా కొనసాగితే ఎముకలు బలహీనపడతాయి.

రెండో ప్రశ్న ముఖ్యమైనది. ఒడ్డున నిలబడితే ఈతలో మీకు టోపీలు తప్ప ఏమీ కనబడవు. ఈ పోటీల్లో సంభవించే మరణాల్లో ఎక్కువ భాగం ఈతలోనే. మునిగిపోయేవాళ్లు సినిమాల్లోలాగా కేకలు వెయ్యరు, నిశ్శబ్దంగా మునుగుతారు. చెయ్యెత్తితే కాపలా పడవ వస్తుందనీ, దాన్ని పట్టుకుని కాసేపు సేదదీరినా పోటీ నుంచి తీసెయ్యరనీ, దాన్ని పట్టుకుని ముందుకు సాగకపోతే చాలుననీ మీ అమ్మాయికి ముందే చెప్పి ఉంచండి.

సైకిలు దిగి పరుగు మొదలుపెట్టగానే కాళ్లు కొయ్యబారినట్లుంటాయి. కాసేపు తడబడటం మామూలే. అప్పుడు కంగారుపడి ఎదురెళ్లకండి. ఇంటి నుంచి తెచ్చిన మజ్జిగ చేతికివ్వటం, పక్కన పరుగెత్తటం కూడా తప్పే. బయటివాళ్ల సాయం తీసుకుంటే పోటీ నుంచి తొలగించవచ్చు.

చివరి కిలోమీటర్లలో తూలటం వేరు. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో మొట్టమొదటి స్త్రీల మారథాన్ జరిగింది. స్విట్జర్లాండుకు చెందిన గాబ్రియేలా ఆండర్సన్ ఒక పక్కకు వాలిపోతూ స్టేడియంలో ప్రవేశించింది. చివరి చుట్టుకే ఐదు నిమిషాలకు పైగా పట్టింది. ముట్టుకుంటే పోటీ నుంచి తీసేస్తారని డాక్టర్లను దగ్గరకు రానివ్వలేదు. ఒంటికి ఇంకా చెమట పడుతోంది కదా అని వాళ్లూ ఊరుకున్నారు. జనం చప్పట్లతో హోరెత్తించారు. ఆమె 37వ స్థానంలో గమ్యం చేరింది, కోలుకుంది కూడా. అది ఆమె అదృష్టం.

ఎందుకంటే శ్రమ వల్ల వచ్చే వడదెబ్బలో చెమట పడుతూనే ఉండవచ్చు. చూడవలసింది చర్మాన్ని కాదు, తెలివిని. పేరు పెట్టి పిలవండి. పొంతన లేని జవాబు చెప్పినా, మిమ్మల్ని గుర్తుపట్టకపోయినా, చిరాకుపడి విదిలించుకున్నా, దారి తప్పి నడుస్తున్నా "ఇంకొంచెమే, పరుగెత్తు" అని ఉత్సాహపరచకండి. ఆపెయ్యండి. వైద్య సిబ్బందిని పిలవండి. పతకం పోతే పోయింది! ఒంటి వేడి 104 డిగ్రీలు దాటి ఉండవచ్చు. అక్కడ చన్నీళ్ల తొట్టె ఉంటే మెడదాకా కూర్చోబెట్టి, తల నీళ్లలోకి వాలకుండా పట్టుకోవాలి. లేకపోతే నీడకు చేర్చి, ఒళ్లంతా చన్నీళ్లు పోస్తూ విసరాలి. ముందు చల్లబరచటం, తర్వాతే ఆస్పత్రికి తరలించటం. తెలివి సరిగా లేనప్పుడు నోట్లో ఏమీ పొయ్యకండి.

నీళ్లు ఎక్కువైనా ప్రమాదమేనంటే మీరు నమ్మకపోవచ్చు. 2002 బోస్టన్ మారథాన్‌లో పాల్గొన్న ఒక యువతి, రక్తంలో సోడియం పడిపోవటంతో మరణించింది. ఆ ఏడు అక్కడ పరీక్షించిన 488 మందిలో 13 శాతానికి సోడియం తక్కువగా తేలింది. మరీ ఎక్కువ నీళ్లు తాగి, పరుగులో బరువు పెరిగినవాళ్లకు ఆ ప్రమాదం ఎక్కువ. వాంతులు, తలనొప్పి, చేతివేళ్లు ఉబ్బటం దాని లక్షణాలు. కనుక "తాగు తాగు" అని వెంటపడకండి, దాహమైనప్పుడు తాగితే సరిపోతుంది.

గమ్యం దాటాక కళ్లు తిరిగితే అంత భయం లేదు. కాళ్లు ఆగిపోవటంతో రక్తం కిందనే నిలిచిపోతుంది. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పట్టుకోండి. తెలివిగా మాట్లాడుతూ, కాసేపట్లో తేరుకుంటే సరే. లేకపోతే డాక్టరుకు అప్పగించండి.

మీ సంగతి కూడా చూసుకోండి. షుగరు ఉన్నవాళ్లయితే మాత్ర వేసుకుని ఫలహారం మానేసి గంటలకొద్దీ ఎండలో నిలబడవద్దు. గొడుగు, మడత కుర్చీ, బిస్కెట్లు దగ్గరుంచుకోండి. ఆ రోజు అమ్మాయి ఒళ్లు నొప్పులంటే ఐబూప్రొఫెన్ ఇవ్వకండి, మూత్రపిండాలకు మంచిది కాదు. మర్నాడు మూత్రం కాఫీ రంగులో వస్తే గోవాలోనే ఆస్పత్రిలో చూపించండి, సికింద్రాబాదు చేరేదాకా ఆగకండి.