చంద్రుడి ఫొటోల మీద ఆ ప్లస్ గుర్తులెందుకు?

అపోలో యాత్రల ఫొటోలు నాసా ఆర్కైవ్‌లలో వేలకొద్దీ ఉన్నాయి. ఉచితంగా చూడొచ్చు, డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. అమెరికా ప్రభుత్వ ఉద్యోగులు విధుల్లో తీసిన ఫొటోలకు అక్కడ కాపీరైట్ ఉండదు మరి!

ఒకటి తెరుద్దాం: ఏఎస్11-40-5903. అంటే అపోలో 11, 40వ ఫిల్మ్ మ్యాగజైన్, 5903వ ఫ్రేమ్. 1969 జులైలో చంద్రుడి మీద బజ్ ఆల్డ్రిన్‌ను నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ తీసిన ఫొటో ఇది. ఆల్డ్రిన్ హెల్మెట్ అద్దాన్ని జూమ్ చేయండి. అందులో ఫొటో తీస్తున్న ఆర్మ్‌స్ట్రాంగ్, ఓ పక్క వాళ్లు దిగిన ఈగల్ నౌక చిన్నగా కనిపిస్తాయి.

ఇక ప్లస్ గుర్తుల సంగతి. కెమెరాలో ఫిల్మ్‌కు ముందు ఓ గాజు పలక ఉండేది. దాని మీద 10 మిల్లీమీటర్ల ఎడంతో 25 గుర్తులు గీశారు. ఫొటోతో పాటే అవీ ఫిల్మ్ మీద పడేవి. ఫిల్మ్ సాగినా, ముడుచుకున్నా ఆ ఎడం మారిపోతుంది. ఆ తేడాను బట్టి ఫొటోలోని కొలతలను సరిచేసుకోవచ్చు.

ఆకాశంలో నక్షత్రాలేవీ? చంద్రుడి నేల, తెల్లటి సూటు ఎండకు ధగధగలాడుతున్నాయి. వాటికి తగ్గట్టు షట్టర్ సెకనులో వందో వంతు కంటే తక్కువసేపే తెరిచేవాళ్లు. నక్షత్రాల మసక వెలుతురుకు అది చాలదు.

పుస్తకాల్లో అచ్చయ్యే ఇదే ఫొటోలో ఆల్డ్రిన్ తలపైన బోలెడు నల్లటి ఆకాశం ఉంటుంది. అసలు ఫ్రేమ్ మాత్రం తల దగ్గరే ఆగిపోయింది. ఆ నలుపు తర్వాత కలిపింది. రెండూ పక్కపక్కన పెట్టి మీరే చూడండి.