విద్యార్థా? కార్మికుడా? - అమెరికా కాలేజీ ఆటగాళ్ల జీతాల కథ

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో అమెరికా కాలేజీ ఆటల గొడవ ఎందుకని మీకు అనిపించవచ్చు. పీజీలో కార్మిక చట్టాలు చదువుతుండగా మాకు ఈ విషయం ఎదురైంది. "చదువు చెప్పిస్తున్నాం, వసతి ఇస్తున్నాం, అన్నం పెడుతున్నాం, ఇంకా అడగడమేమిటి?" అనే మాటను అక్కడి ఆటగాళ్లు డెబ్బై ఏళ్లుగా వింటున్నారు. ఆ మాట మనకూ కొత్త కాదు గనుక మన తమ్ముళ్లు, చెల్లెళ్లు దీన్ని ఆసక్తిగా చదువుతారనుకున్నాం.

ముందుగా అక్కడి పద్ధతి తెలుసుకుందాం. మన దగ్గర కాలేజీ జట్టు ఆడుతుంటే చూసేది క్లాస్‌మేట్లూ, పీఈటీ సారూ. అమెరికాలో అలా కాదు. మిషిగన్ విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ స్టేడియంలోనే లక్షమందికి పైగా కూర్చోవచ్చు. (వాళ్ల ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని, ఒకరినొకరు గుద్దుకుంటూ ఆడే ఆట.) అక్కడి కాలేజీ పోటీలను నడిపే ప్రధాన సంస్థ ఎన్‌సీఏఏ. 1906లో పుట్టింది. మార్చి నెలలో జరిగే పురుషుల బాస్కెట్‌బాల్ టోర్నమెంటు టీవీ హక్కులను 2032 వరకు పొడిగిస్తూ ఆ సంస్థ 2016లో కుదుర్చుకున్న ఒప్పందం విలువ 880 కోట్ల డాలర్లు. అలబామా ఫుట్‌బాల్ కోచ్ నిక్ సేబన్ 2024లో పదవీ విరమణ చేసేనాటికి ఏడాదికి కోటి డాలర్లకు పైగా జీతం తీసుకుంటున్నారు. గుద్దుకునే కుర్రాళ్లకు మాత్రం స్కాలర్‌షిప్ తప్ప ఒక్క డాలరు ఇచ్చినా ఒకప్పుడు నిబంధనల ఉల్లంఘనే అయ్యేది. వాళ్లు డబ్బు కోసం ఆడనివాళ్లు, అంటే అమెచ్యూర్లు, అన్నది ఆ సంస్థ సిద్ధాంతం.

ఈ సిద్ధాంతానికి అసలు పరీక్ష ఆటలో గాయాలైనప్పుడు వచ్చింది. కొలరాడో రాష్ట్రంలో ఎర్నెస్ట్ నెమెత్ అనే విద్యార్థికి ఫుట్‌బాల్ ప్రాక్టీసులో నడుం దెబ్బతిన్నది. క్యాంపస్‌లో అతనికి ఇచ్చిన పని, జీతం ఫుట్‌బాల్ ఆడటంతో ముడిపడి ఉన్నాయి కాబట్టి అతడు ఉద్యోగేనని, పరిహారం ఇవ్వాల్సిందేనని 1953లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. పనిలో గాయపడితే యజమాని పరిహారం ఇవ్వాలన్న చట్టం మన దేశంలో 1923లోనే వచ్చింది. అమెరికా రాష్ట్రాల్లోనూ అలాంటి చట్టాలున్నాయి. ఈ తీర్పుతో కాలేజీలకు భయం పట్టుకుంది. ప్రతి ఆటగాడూ ఉద్యోగి అయితే ఎట్లా?

అప్పుడు ఎన్‌సీఏఏ అధిపతిగా ఉన్నవారు వాల్టర్ బయర్స్. 1951 నుంచి 1987 దాకా ఆయనదే పెత్తనం. ఆ రోజుల్లోనే ఆయన సంస్థ 'విద్యార్థి-క్రీడాకారుడు' అనే జంటపదాన్ని తయారుచేసింది. ఆటగాడు అనవద్దు, విద్యార్థి-క్రీడాకారుడు అనాలి అని అన్ని కాలేజీలకు చెప్పింది. ఉద్యోగి అన్న ముద్ర పడకుండా ఉండటానికే ఆ పదం పుట్టించామని బయర్స్ పదవి దిగిపోయాక 1995లో రాసిన పుస్తకంలో తానే ఒప్పుకున్నారు. ఒక్క పదంతో ఎంత పని జరిగిందో చూడండి. 1955లో అదే కొలరాడోలో రే డెనిసన్ అనే కాలేజీ ఆటగాడు తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. అతని భార్య పరిహారం అడిగింది. కాలేజీ ఫుట్‌బాల్ వ్యాపారం చేయడం లేదు, ఆట వల్ల దానికి లాభమేమీ లేదు అంటూ 1957లో అదే సుప్రీంకోర్టు ఆమె కేసు కొట్టేసింది. 1974లో ఆటలో మెడ విరిగి పక్షవాతం వచ్చిన కెంట్ వాల్డ్రెప్ కూడా ఏళ్ల తరబడి పోరాడి, చివరికి 2000లో టెక్సాస్ కోర్టులో ఓడిపోయారు. స్కాలర్‌షిప్ తీసుకునే విద్యార్థి ఉద్యోగి కాడన్నదే అక్కడ కాలేజీ పక్షం వాదన.

పైగా ఆ స్కాలర్‌షిప్‌కు భద్రత కూడా లేదు. 1973 నుంచి చాలాకాలం పాటు దాన్ని ఒక్కో ఏడాదికే ఇచ్చేవారు. మరుసటి ఏడాది కొనసాగించడం కాలేజీ ఇష్టం. రెన్యువల్ కోసం ఎదురుచూడటం ఎలా ఉంటుందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

తిండి సంగతి కూడా చెప్పాలి. ఆటగాళ్లకు అదనంగా ఏం పెట్టవచ్చో ఎన్‌సీఏఏ రూల్సులో ఉండేది. బేగెల్ అనే గుండ్రటి రొట్టె ఇస్తే అది చిరుతిండి, ఇవ్వవచ్చు. దానిమీద క్రీమ్ చీజ్ పూస్తే అది భోజనం కింద లెక్క, ఇవ్వకూడదు! మెస్ కమిటీలో పనిచేసిన మన మిత్రులకు ఈ లెక్కలోని పీనాసితనం వెంటనే అర్థమవుతుంది. 2014లో కనెక్టికట్ విశ్వవిద్యాలయం బాస్కెట్‌బాల్ చాంపియన్ అయిన రోజుల్లో, ఆ జట్టు నాయకుడు షబాజ్ నేపియర్ కొన్ని రాత్రులు తాను ఆకలితోనే పడుకుంటానని విలేకరులకు చెప్పారు. అదే నెలలో భోజనం మీద ఉన్న పరిమితి ఎత్తేశారు. ఆయన మాటకు, ఆ నిర్ణయానికి సంబంధం లేదని సంస్థ అంటుంది. నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం.

కోర్టుల్లో గాలి మారింది పరిహారం కేసులతో కాదు, వ్యాపార చట్టంతో. వ్యాపారులందరూ కూడబలుక్కుని ధరలు, జీతాలు నిర్ణయించకూడదన్నది అమెరికాలో 1890 నాటి షెర్మన్ చట్టం. 1995లో చాంపియన్ అయిన ఎడ్ ఒబానన్ ఏళ్ల తర్వాత ఒక స్నేహితుడి ఇంట్లో వీడియో గేమ్ చూశారు. అందులో తనలాంటి బొమ్మే ఆడుతోంది. గుండు, ఎడమచేతి వాటం, 31వ నంబరు చొక్కా, అన్నీ తనవే. తనకు మాత్రం పైసా రాలేదు. 2009లో ఆయన కేసు వేశారు. 2014లో జడ్జి క్లాడియా విల్కెన్ ఎన్‌సీఏఏ నిబంధన చట్టవిరుద్ధమన్నారు. ఆ వీడియో గేమ్‌ల కంపెనీ కాలేజీ ఆటలను కొన్నాళ్లు ఆపేసి, 2024లో కాలేజీ ఫుట్‌బాల్ గేమ్‌ను మళ్లీ తెచ్చినప్పుడు పేరు ఇచ్చిన ఒక్కో ఆటగాడికి 600 డాలర్లు చెల్లించింది.

2021 జూన్ 21న అమెరికా సుప్రీంకోర్టు ఆల్స్టన్ కేసులో తొమ్మిదిమంది జడ్జీలూ ఒకే మాటగా తీర్పు చెప్పారు. చదువుకు సంబంధించిన సాయం మీద ఎన్‌సీఏఏ పరిమితులు చెల్లవన్నారు. అందులో జస్టిస్ కావనా విడిగా రాసిన అభిప్రాయం మాకు బాగా నచ్చింది. తక్కువ జీతమిచ్చే వంటవాళ్ల చేతి వంటే జనానికి ఇష్టమని చెప్పి ఊళ్లోని హోటళ్లన్నీ కలిసి వంటవాళ్ల జీతాలు కోయగలవా అన్నది ఆయన ప్రశ్న. తీర్పు వచ్చిన పది రోజులకే, జూలై 1 నుంచి, ఆటగాళ్లు తమ పేరు, ఫోటో వాడుకుని ప్రకటనల ద్వారా సంపాదించుకోవడానికి అనుమతి వచ్చింది. కాలిఫోర్నియా ఇలాంటి చట్టాన్ని 2019లోనే చేసింది.

ఆఖరికి కాలేజీలే నేరుగా డబ్బిచ్చే రోజు వచ్చింది. గ్రాంట్ హౌస్ అనే ఈతగాడి పేరుతో నడిచిన కేసులో 2025 జూన్ 6న అదే విల్కెన్ రాజీ ఒప్పందాన్ని ఆమోదించారు. 2016 నుంచి ఆడినవారికి పాత బాకీ కింద సుమారు 280 కోట్ల డాలర్లు పదేళ్లలో ఇవ్వాలి. 2025-26లో ఒక్కో కాలేజీ రెండు కోట్ల 5 లక్షల డాలర్ల దాకా ఆటగాళ్లకు పంచవచ్చు. వినడానికి బాగానే ఉంది. కాని పాత బాకీలో సింహభాగం పురుషుల ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆటగాళ్లకే పోతుంది. చదువులో ఆడ, మగ తేడా చూపకూడదన్న 1972 నాటి చట్టానికి ఇది విరుద్ధమంటూ కొందరు క్రీడాకారిణులు అప్పీలుకు వెళ్లారు. వాళ్ల వాదనలో న్యాయముందని మేము అనుకుంటున్నాం.

ఇంతకీ ఇన్ని కోట్లు చేతులు మారినా ఆ పాత జంటపదం మాత్రం చావలేదు. రాజీ ఒప్పందంలో ఎక్కడా ఆటగాణ్ని ఉద్యోగిగా ఒప్పుకోలేదు. నార్త్‌వెస్టర్న్ ఫుట్‌బాల్ జట్టు 2014లో యూనియన్ పెట్టుకోవాలా వద్దా అని ఓట్లు వేసింది. సీజన్‌లో వారానికి 40, 50 గంటలు ఆటకే పోతున్నాయని కార్మిక బోర్డు ప్రాంతీయ అధికారి తేల్చారు. ఆ కుర్రాళ్లు మొదట అడిగింది జీతం కాదు, గాయాలకు వైద్యం. 2015లో పై బోర్డు ఈ విషయంలో తాము జోక్యం చేసుకోమంది. ఆ ఓట్లు లెక్కపెట్టకుండానే పోయాయి. 2024 మార్చిలో డార్ట్‌మత్ కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు 13-2 ఓట్లతో యూనియన్‌కు ఒప్పుకుంది. అయినా ఆ ఏడాది చివరిరోజున పిటిషన్ వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. 2024 జూలైలో మరో కేసులో ఒక అప్పీలు కోర్టు మాత్రం, అమెచ్యూర్ అన్న పేరు ఒక్కటే చూపి వేతన చట్టం నుంచి ఆటగాళ్లను తప్పించలేరని చెప్పి, విచారణను కింది కోర్టుకు తిప్పి పంపింది.

ఉద్యోగి అన్న గుర్తింపు వస్తే కొత్త చిక్కు విదేశీ ఆటగాళ్లకు వస్తుంది. వాళ్లలో చాలామంది ఎఫ్-1 వీసా మీదే ఉంటారు. మన రెండు రాష్ట్రాల నుంచి ఎంఎస్‌కు వెళ్లిన సీనియర్లు ఉండేదీ ఆ వీసా మీదే. క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు, బయట పనికి ప్రత్యేక అనుమతి కావాలి. అందుకే 2021 తర్వాత తోటి ఆటగాళ్లు ప్రకటనల్లో సంపాదిస్తుంటే విదేశీయులు చాలామంది వీసా పోతుందేమోనని దూరంగా ఉన్నారు. రేపు ఆట కూడా ఉద్యోగమేనని కోర్టు అంటే, వారానికి 40 గంటలు ఆడే విదేశీ కుర్రాడు ఆ 20 గంటల లెక్కలో ఎలా ఇముడుతాడు? ఎఫ్-1 మీద ఎంఎస్ చేస్తున్న మన సీనియర్లు వచ్చే సంచికకు దీనిమీద రాస్తే బాగుంటుంది.