ఇంగువలో గోధుమ

అమ్మాయ్, బుడ్డోడికి గోధుమ పడదన్నారని అంత బెంగ దేనికి? నీ కాపురం చెన్నైలో. ఇడ్లీ, దోసె, పొంగలి, ఇడియాప్పం తిని బతికే ఊరది. 2016లో బి.ఎస్. రామకృష్ణ, గోవింద్ మఖారియా తదితర వైద్యులు వేసిన లెక్కలో ఉత్తరాదివాళ్లు రోజుకు సగటున 455 గ్రాముల గోధుమ తింటుంటే, దక్షిణాదివాళ్లు తినేది 25 గ్రాములే. వాళ్లు వెతికింది సీలియాక్ జబ్బు కోసంలే. అది పేగును నిదానంగా పాడుచేస్తుంది. మనవాడిది ఎలర్జీ. తిన్న కాసేపటికే దద్దుర్లో, వాంతులో, ఆయాసమో వచ్చేస్తాయి.

చపాతీ మానడం ఎంతసేపు! చిక్కంతా ఆ కాస్త గోధుమతోనే. బొంబాయి రవ్వ, మైదా, సేమియా అన్నీ గోధుమే. ఇడ్లీ రవ్వ మాత్రం బియ్యం. రాగి సేమియా అని కొన్నదాంట్లోనూ మైదా ఉండొచ్చు. ఇక ఇంగువ! అసలు ఇంగువ ఘాటుకు తట్టుకోలేం కాబట్టి జిగురూ పిండీ కలిపి అమ్ముతారు. ఆ పిండి చాలాసార్లు గోధుమదే. రసంలో చిటికెడేగా అంటావు. కొందరు పిల్లలకు ఆ చిటికెడే ఎక్కువ. ప్యాకెట్ తిప్పి చూడు, గోధుమ వాడితే ఆ సంగతి వేరుగా రాయాలని 2020 నాటి ఆహార భద్రతా సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఎఐ) నిబంధన. బియ్యప్పిండి కలిపినవీ దొరుకుతాయి.

సత్తుమావు కొనకు. అందులో గోధుమలు, వేరుసెనగలు, జీడిపప్పు అన్నీ కలిసే ఉంటాయి. రాగులు మిల్లుకూ పంపకు. నీకంటే ముందు ఎవరో గోధుమలు ఆడించి వెళ్లుంటారు, ఆ పిండి మరలోనే ఉంటుంది. ఇంట్లో మిక్సీలో పట్టుకో.

నాకు అసలు కోపం ఎక్కడంటే, ఒక్క రక్తపరీక్ష కాగితం చూసి పాలు, గుడ్డు, పప్పులు అన్నీ మానిపించేస్తారే, అక్కడ. ఆ పరీక్ష చూసేది ఐజీఈ అనే ప్రతిరక్షకాన్ని. 1966లో ఇషిజాకా దంపతులు కనిపెట్టారు. అది ఒంట్లో ఉన్నంత మాత్రాన ఎలర్జీ ఉన్నట్టు కాదు, మొరిగే కుక్కలన్నీ కరుస్తాయా? కర్ణాటకలో పెద్దవాళ్లను పరీక్షిస్తే నూటికి 26 మందికి పైగా ఏదో ఒక తిండికి ఐజీఈ కనిపించింది. నిజంగా ఎలర్జీ ఉండొచ్చని తేలింది మాత్రం 1.2 శాతం మందికే. కాబట్టి ఏం తిన్నాడు, ఎంతసేపటికి ఏమైందన్నది రాసిపెట్టుకుని ఎలర్జీ డాక్టరుకు చూపించు. ఇబ్బంది లేకుండా తింటున్నవాటిని నీ అంతట నువ్వు ఆపకు.

పాలు కూడా నిజంగానే పడకపోతే రాగిజావ ఉండనే ఉంది. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) పట్టికలో నూరు గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది, బియ్యంలో పదైనా లేదు. అలాగని ఒక్క రాగులతో పాల లోటంతా తీరదు. మిగతాది డాక్టరునే అడుగు.

పెదాలు వాచి, ఊపిరి ఆడకపోతే మాత్రం వాము నీళ్లంటూ కూర్చోకు. తొడకు అడ్రినలిన్ ఇంజెక్షన్ పడాలి. దగ్గర్లో ఏ ఆస్పత్రికి పరుగెత్తాలో ఇప్పుడే చూసి పెట్టుకోండి. అన్నట్టు, గోధుమ ఎలర్జీ చాలామంది పిల్లల్లో పెరిగేకొద్దీ తగ్గిపోతుంది. అమెరికాలో ఒక ఆస్పత్రి పిల్లల్ని గమనిస్తే పన్నెండేళ్లు వచ్చేసరికి మూడింట రెండొంతుల మందికి గోధుమ పడింది. తగ్గిందో లేదో చూడాలంటే ఆస్పత్రిలోనే, డాక్టరు ఎదుటే. మీ అత్తగారు పూరీ ముక్క నోట్లో పెట్టి చూద్దామంటే ఒప్పుకోకు.