నరం అంటే ఏ నరం? మన నాడీమండలం గురించి ఇంటిల్లిపాదీ తెలుసుకోవాల్సిన సంగతులు



నాడీమండలం పాఠంలో పిల్లలు మెదడు బొమ్మ గీస్తారు, భాగాలు గుర్తిస్తారు, మార్కులు తెచ్చుకుంటారు. అంతటితో పాఠం అయిపోయిందనుకుంటాం. కానీ ఇంట్లో తాతకు ఉన్నట్టుండి మూతి ఒక పక్కకు పోయినా, వీధిలో కుక్క కరిచినా, బండి మీంచి ఎవరైనా పడినా ఆ పూట పనికొచ్చేది ఈ పాఠమే. అందుకే దీన్ని పిల్లలూ పెద్దలూ కలిసి చదువుకునేలా రాస్తున్నాం. పిల్లలూ, చదివాక మీ అవ్వకూ తాతకూ కూడా చెప్పండి.

ముందు మాట తికమక తీర్చుకుందాం

మనం "నరం" అనే ఒక్క మాటను నాలుగైదు వస్తువులకు వాడుతాం. చేతి వెనుక నీలంగా కనిపించేవాటిని నరాలు అంటాం. అవి రక్తాన్ని గుండెకు తీసుకుపోయే సిరలు. డాక్టరు మణికట్టు పట్టుకుని "నాడి" చూస్తే, ఆయన వేలికి తగిలేది ధమని కొట్టుకోవడం. రాత్రిపూట పిక్క పట్టేస్తే "నరం పట్టింది" అంటాం. అది కండరం బిగుసుకుపోవడం. తమిళంలో "నరంబు" అన్నా, కన్నడంలో "నర" అన్నా ఇదే తికమక.

అసలు నాడి బయటికి కనిపించదు. అది రక్తం పారే గొట్టం కాదు, కబుర్లు మోసే సన్నని తీగల కట్ట. తెల్లటి దారంలాగో తాడులాగో కండరాల మధ్య దాగి ఉంటుంది. దాన్ని మీరు పలకరించగల చోటు ఒకటుంది. మోచేతి లోపలి పక్క ఎముకకు బల్ల అంచు తగిలితే, కరెంటు కొట్టినట్టు జివ్వుమని చిటికెన వేలి దాకా పాకుతుంది కదా? అక్కడ నాడి చర్మానికి దగ్గరగా, ఎముకను ఆనుకుని పోతుంది. దెబ్బ తగిలింది మోచేతికి, జివ్వుమన్నది వేలికి. ఆ తీగ వేలి నుంచి వస్తోంది కాబట్టి మెదడు దాన్ని వేలి కబురే అనుకుంటుంది.

ఒక్కో తీగ ఒక్కో కణం

నాడీమండలం నాడీకణాలతో తయారైంది. మన మెదడులో ఇవి దాదాపు 8,600 కోట్లు ఉంటాయని అంచనా. నాడీకణానికి మూడు భాగాలు: కేంద్రకం ఉన్న కణదేహం, చెట్టు కొమ్మల్లా విడిపోయి కబురు అందుకునే డెండ్రైట్లు, కబురును దూరం తీసుకుపోయే పొడవాటి ఆక్సాన్. నడుము దగ్గర మొదలై కాలి బొటనవేలి దాకా పోయే ఆక్సాన్ ఒక మీటరు దాకా ఉంటుంది. ఒకే కణం, అంత పొడవు!

ఒక కణం కొస ఇంకో కణానికి అతుక్కుని ఉండదు. మధ్యలో అతి సన్నని సందు ఉంటుంది. దానికి సినాప్స్ అని పేరు. ఆక్సాన్ పొడవునా విద్యుత్తుగా వచ్చిన కబురు ఎక్కువ చోట్ల ఈ సందును రసాయనంగా దాటుతుంది. నాడీకణాలన్నీ కలిసిపోయిన వల అని ఇటలీ శాస్త్రవేత్త గోల్గి అనుకున్నాడు. కాదు, ఏ కణానికి ఆ కణం విడి అని స్పెయిన్ శాస్త్రవేత్త కహాల్ బొమ్మలు గీసి చూపించాడు. 1906లో నోబెల్ బహుమతి ఇద్దరికీ కలిపే ఇచ్చారు. తర్వాత కహాల్ మాటే నిలిచింది.

కొన్ని ఆక్సాన్ల చుట్టూ మయలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది. తొడుగున్న లావు తీగల్లో కబురు సెకనుకు 100 మీటర్లకు పైగా పరుగెత్తుతుంది. తొడుగు లేని సన్నని తీగల్లో సెకనుకు ఒకటి రెండు మీటర్లే. కాలి వేలు గడపకు కొట్టుకున్నప్పుడు గమనించండి. ముందు సర్రుమని ఒక నొప్పి, కాసేపాగి మంటగా, సలుపుగా ఇంకో నొప్పి. రెండు రకాల తీగల్లో వచ్చిన రెండు కబుర్లు అవి.

కేంద్రం, పరిధి

మెదడు, వెన్నుపాము కలిస్తే కేంద్రీయ నాడీవ్యవస్థ. వాటి నుంచి ఒళ్ళంతా పోయే నాడులు పరిధీయ నాడీవ్యవస్థ. మెదడు నుంచి 12 జతల కపాల నాడులు, వెన్నుపాము నుంచి 31 జతల వెన్ను నాడులు బయల్దేరుతాయి. మొత్తం 43 జతలు. పిల్లలూ, ఈ మూడు అంకెలు గుర్తుంటే ఒక ప్రశ్న గట్టెక్కినట్టే.

పెద్దవాళ్ళ మెదడు బరువు దాదాపు 1,400 గ్రాములు. ఒంటి బరువులో నూటికి 2 వంతులే అయినా, మనం విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒళ్ళు ఖర్చు పెట్టే శక్తిలో దాదాపు 20 వంతులు అదే వాడుకుంటుంది. అందులో పెద్ద భాగం మస్తిష్కం: ఆలోచన, జ్ఞాపకం, మాట, చూపు, కదలిక అన్నీ ఇక్కడే. వెనుక కింద ఉన్న అనుమస్తిష్కం తూకం చూసుకుంటుంది. సైకిలు తొక్కినా, తాడాట ఆడినా పడిపోకుండా ఉండేది దాని వల్లే. అడుగున మెదడు కాండం, దాని కొసన మజ్జాముఖం. ఊపిరి, గుండె వేగం, రక్తపోటు దీని అదుపులో ఉంటాయి. మనం నిద్రపోయినా ఇది నిద్రపోదు.

ఈ మజ్జాముఖం దగ్గరే కదలికల తీగల్లో చాలావరకు అటువి ఇటు, ఇటువి అటు దాటుతాయి. అందుకే ఎడమ మెదడు కుడి చేతిని, కుడి మెదడు ఎడమ చేతిని కదిలిస్తాయి. చాలామందిలో మాటకు సంబంధించిన భాగం ఎడమ పక్కనే ఉంటుంది. ఫ్రెంచి డాక్టరు బ్రోకా 1861లో, మాట పోయిన ఒక రోగి చనిపోయాక అతని మెదడును పరీక్షించి, ఎడమ ముందు భాగం దెబ్బతిన్నట్టు చూపించాడు. కుడి కాలూ చేయీ పడిపోయినవాళ్ళకు మాట కూడా పోవడం ఎందుకు ఎక్కువో ఇప్పుడు అర్థమైంది కదా?

వెన్నుపాము చిటికెన వేలంత లావు, పెద్దవాళ్ళలో దాదాపు 45 సెంటీమీటర్ల పొడవు. అది వెన్నెముక కింది కొస దాకా పోదు, నడుము పైభాగంలోనే ఆగిపోతుంది. దాని కింద విడివిడి నాడుల కట్ట మాత్రమే నీటిలో తేలుతూ ఉంటుంది. "వెన్నులోంచి నీరు తీస్తే కాళ్ళు పడిపోతాయి" అనే భయం మన ఇళ్ళలో బాగా ఉంది. డాక్టర్లు సూది వేసేది వెన్నుపాము ముగిసిపోయిన చోటుకు కింద. మెదడువాపు పొరల జబ్బు అనుమానం వచ్చినప్పుడు ఆ పరీక్ష వద్దని పట్టుబడితే పిల్లల ప్రాణం మీదికి రావచ్చు.

మెదడును అడగకుండా జరిగే పనులు

వేడి పెనం తగిలితే చేయి ముందు వెనక్కి వస్తుంది, "అబ్బా" అనేది తర్వాత. జ్ఞాననాడి కబురును వెన్నుపాముకు తెస్తుంది, వెన్నుపాము అక్కడికక్కడే చాలకనాడితో కండరానికి ఆజ్ఞ ఇస్తుంది. మెదడుకు సంగతి తర్వాత తెలుస్తుంది. దీన్ని ప్రతీకార చర్య అంటారు.

ఇంకో శాఖ స్వయంచోదిత నాడీవ్యవస్థ. ఇందులో రెండు భాగాలు, ఒకటి తొందర పెట్టేది, ఒకటి నిదానపరిచేది. పబ్లిక్ పరీక్ష రోజు పొద్దున గుండె దడదడలాడి, నోరు ఎండిపోయి, చేతులు చెమట పట్టడం మొదటిదాని పని. గుండె నిదానించడం, అన్నం తిన్నాక అరుగుదల సాగడం రెండోదాని పని. దడ పుట్టినప్పుడు నెమ్మదిగా, పొడవుగా ఊపిరి వదులుతూ ఉంటే రెండోది పైచేయి తీసుకుంటుంది. పరీక్ష గదిలో ఇది చేసి చూడండి. తల్లిదండ్రులూ, దడ పుట్టిన పిల్లను "చదవలేదు కాబట్టే భయం" అనకండి. అది ఒంటి పని.

అసలు తేడా ఇక్కడుంది

చేతిలో నాడి తెగితే డాక్టర్లు కుట్టగలరు. ఆక్సాన్ మళ్ళీ రోజుకు దాదాపు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. నెలలు పట్టినా ఎంతో కొంత స్పర్శ, బలం తిరిగి రావచ్చు. మెదడులో, వెన్నుపాములో తెగిన తీగలు అలా పెరగవు. పరిధి దెబ్బతింటే బాగయ్యే దారి ఉంది, కేంద్రం దెబ్బతింటే ఆ దారి దాదాపు మూసుకుపోతుంది. ప్రకృతి మెదడును పుర్రెలో, వెన్నుపామును వెన్నెముకలో పెట్టి, మూడు పొరలు చుట్టి, నీటిలో తేల్చి దాచింది అందుకే. మిగతా జాగ్రత్త మనది.

హెల్మెట్. బండి మీద నాలుగేళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్ ఉండాలని చట్టం. అంతకంటే చిన్నవాళ్ళకూ నిబంధనలు హెల్మెట్, బెల్టు అడుగుతాయి. బడి దగ్గర రోజూ చూస్తున్నాం: నాన్న తలకు హెల్మెట్ ఉంటుంది, వెనుక కూర్చున్న బిడ్డ తలకు ఉండదు. "దగ్గరే కదా" అనవద్దు.

ప్రమాదంలో పడినవాళ్ళను ఎత్తి కూర్చోబెట్టవద్దు. వెన్నుపాములో ఏ ఎత్తున దెబ్బ తగిలితే దాని కిందివన్నీ పోతాయి. నడుము దగ్గరైతే కాళ్ళు, మెడ దగ్గరైతే చేతులూ కాళ్ళూ, మెడ పైభాగమైతే ఊపిరి కూడా. ఎముక విరిగినా వెన్నుపాము ఇంకా తెగి ఉండకపోవచ్చు. మెడ వంచి, చంకల కింద పట్టి లేపితే అప్పుడు తెగుతుంది. మంటలో, వాహనాల దారిలో ఉంటే తప్ప కదపకండి. తల, మెడ అలాగే ఉంచి 108కి ఫోన్ చేయండి.

పక్షవాతం. నవ్వమంటే మూతి ఒక పక్కకు పోతోందా? రెండు చేతులు చాపమంటే ఒకటి జారిపోతోందా? మాట ముద్దగా వస్తోందా? వీటిలో ఒక్కటి ఉన్నట్టుండి కనిపించినా వెంటనే పెద్ద ఆసుపత్రికి. రక్తం గడ్డ కట్టి వచ్చినదైతే, కరిగించే మందు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. ముందు స్కాన్ తీయాలి కాబట్టి అసలు చేతిలో ఉండేది ఇంకా తక్కువ సమయం. పసరు కట్టించడానికి, రేపు చూద్దామనడానికి ఆ గంటల్లో చోటు లేదు. ఎప్పుడు మొదలైందో గడియారం చూసి గుర్తుపెట్టుకోండి. డాక్టరు మొదట అడిగేది అదే.

కుక్క కాటు. రేబిస్ సూక్ష్మజీవి రక్తంలో కాదు, గాయం దగ్గరి నాడుల వెంట పాకుతూ మెదడు చేరుతుంది. చేరేదాకా మనకు గడువు ఉంటుంది, చేరి జబ్బు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. గాయాన్ని సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు టీకా వేయించి, చెప్పిన తేదీలన్నీ పూర్తి చేయాలి. పసుపు, కారం, సున్నం పెట్టవద్దు. పిల్లలూ, తిడతారని దాచకండి. తల్లిదండ్రులూ, తిట్టకండి. తిడతారనే పిల్లలు దాస్తారు.

మూర్ఛ. మెదడు కణాలు ఒక్కసారిగా అదుపు తప్పి విద్యుత్తు వదిలితే ఒళ్ళు కొట్టుకుంటుంది. చేతిలో తాళం చెవులు పెట్టినా, ఉల్లిపాయ వాసన చూపినా అది ఆగదు, దాని సమయానికి అదే ఆగుతుంది. నోట్లో ఏమీ పెట్టకండి, నీళ్ళు పోయకండి. చుట్టూ గట్టి వస్తువులు తీసేసి, పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి. ఇది అంటుకునే జబ్బు కాదు. తోటి పిల్లవాడికి వస్తే పక్కన కూర్చోవడం మానకండి.

చివరగా "నరాల బలహీనత"

నీరసం, వణుకు, తిమ్మిరి ఏది వచ్చినా ఈ పేరు పెట్టి టానిక్కు కొనడం మన అలవాటు. రక్తం తక్కువైనా నీరసమే, థైరాయిడ్ ఎక్కువైనా వణుకే. బి12 తగ్గితే మయలిన్ తొడుగు పాడవుతుంది. షుగరు అదుపులో లేకపోతే అన్నిటికంటే పొడవైన తీగలు ముందు దెబ్బతింటాయి, అందుకే తిమ్మిరి పాదాల్లో మొదలవుతుంది. పేరు ఒకటే అయినా కారణాలు వేరు, మందులు వేరు. పరీక్ష చేయించుకున్నాకే మందు కొనండి.

పిల్లలకు ఇంటిపని: నాడీమండలం విభజనను ఒక పేజీలో చెట్టులా గీయండి. దాని కింద పక్షవాతం మూడు గుర్తులూ, 108 నంబరూ పెద్ద అక్షరాలతో రాసి, వంటింటి గోడకో ఫ్రిజ్ మీదో అంటించండి. ఇంట్లో తెలుగు చదవడం రానివాళ్ళుంటే తమిళంలోనో కన్నడంలోనో కూడా రాయండి.