టేపు మనది, తాళంచెవి ఎవరిది?

జంషెడ్‌పూర్‌లో సువర్ణరేఖ వంతెన దాటితే మాంగో. ఉక్కు కర్మాగారంలో కొలువుల కోసం తరాల కిందట వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ నగరంలో ఎన్నో. అలాంటి ఇళ్ల బీరువాల్లో పాత పెళ్లి క్యాసెట్లు భద్రంగానే ఉంటాయి. ఆడించడానికి వీసీఆరే దొరకదు. ఇంట్లో ఇది చిన్న బాధ. రాడార్ రికార్డులు, క్షిపణి పరీక్షల సమాచారం, ఉపగ్రహ చిత్రాలు దాచుకోవలసిన దేశానికి ఇది భద్రతా సమస్య.

టేపు చదవాలంటే మూడు కావాలి: చెడిపోని టేపు, దానికి సరిపోయే డ్రైవు, సమాచారం ఏ వరుసలో రాసి ఉందో తెలిసిన సాఫ్ట్‌వేర్. ఒకటి లేకపోయినా మిగతా రెండూ వృథా. 1966, 67లలో అమెరికా పంపిన అయిదు లూనార్ ఆర్బిటర్ నౌకల చంద్రుడి చిత్రాలు ఆంపెక్స్ ఎఫ్‌ఆర్-900 యంత్రాల టేపుల్లో ఉండిపోయాయి. ఆ పాత యంత్రాలను వెతికి, బాగుచేసి 2008లో తొలి చిత్రాన్ని మళ్లీ వెలికితీశారు. నేడు విస్తృతంగా వాడే ఎల్‌టీఓ టేపుల్లోనూ ఏడో తరం డ్రైవు రెండు తరాల వెనకటి టేపులను చదివేది. ఎనిమిదో తరం డ్రైవు ఒక్క తరం వెనక్కే వెళ్లగలదు.

యంత్రాన్ని ఎలాగో బాగుచేయవచ్చు. మూడోదైన సాఫ్ట్‌వేర్ ఒక కంపెనీ గుప్పిట్లో ఉంటే? పరాయి సాఫ్ట్‌వేర్‌పై ఆధారపడితే ఏమవుతుందో 1998లో చూశాం. పోఖ్రాన్ అణుపరీక్షల తర్వాత ఆంక్షలు రావడంతో, తేజస్ ఫ్లైట్ కంట్రోల్ పనిమీద అమెరికాలో ఉన్న మన ఇంజినీర్లు తిరిగి రావలసి వచ్చింది. మిగిలిన పనిని స్వదేశంలోనే పూర్తిచేశాక, 2001 జనవరి 4న తేజస్ తొలిసారి గాలిలోకి లేచింది. మిత్రదేశాలకూ మినహాయింపు లేదు. ఎఫ్-35 సోర్స్ కోడ్‌ను ఎవరికీ ఇవ్వబోమని అమెరికా 2009లో చెప్పింది. ఆ విమాన నిర్మాణంలో ప్రధాన భాగస్వామి బ్రిటన్‌కూ అదే జవాబు.

కోడ్ చూపించడం వేరు, అప్పగించడం వేరు. మైక్రోసాఫ్ట్ 2003 నుంచి ప్రభుత్వాలకు విండోస్ కోడ్‌ను పరిశీలించే వీలు కల్పించింది. అది తనిఖీకి పనికొస్తుంది. కంపెనీ చేతులెత్తేసిన రోజున మరమ్మతుకు పనికిరాదు. కోడ్‌ను తిరిగి నడిచే ప్రోగ్రాముగా మార్చే పనిముట్లు కూడా చేతిలో ఉండాలి.

అయితే ప్రతిచోటా సోర్స్ కోడ్ కోసం పట్టుబట్టనక్కర్లేదు. కంపెనీకి తన వ్యాపార రహస్యం కాపాడుకునే హక్కుంది. కానీ టేపులో ఉన్న సమాచారం మనది. దాన్ని ఎలా పేర్చారో చెప్పే పత్రం అడగడం న్యాయమే. 1979లో యూనిక్స్‌తో వచ్చిన ‘టార్’ ఫార్మాట్ బహిరంగం కాబట్టే ఇప్పటికీ చదవగలుగుతున్నాం.

కాబట్టి రక్షణ కొనుగోలు ఒప్పందాల్లో మూడు షరతులు ఉండాలి. ఫార్మాట్ వివరాలు మొదటిరోజే మన చేతికి రావాలి. కీలక వ్యవస్థల కోడ్‌ను, పనిముట్లతో సహా, మూడో పక్షం దగ్గర భద్రపరచాలి. కంపెనీ మూతపడినా, సేవలు ఆపినా అది మనకు దక్కాలి. ఏటా కొన్ని పాత టేపులను కంపెనీ మనిషి సాయం లేకుండా వేరే యంత్రంపై చదివి చూడాలి. ఆయుధాగారంలో తుపాకులను లెక్కపెట్టి ఊరుకోం, పేల్చి చూస్తాం. టేపుల గదికీ అదే నియమం వర్తించాలి.