వాహన దీపముల వ్యాకరణము

భాష యనగా నోటిమాట యొక్కటే కాదు. కనుబొమ కదలినను, చేయి లేచినను అర్థము పుట్టును. ఆ అర్థము ఎదుటివానికి సందేహము లేకుండ అందినపుడే అది భాష యగును. నేటి నగరములలో లక్షలమంది నిత్యము వాడుచు, భాషయని తలంపని భాష యొకటి కలదు. అది వాహనములపై వెలిగి ఆరు దీపముల భాష. అందు ముఖ్యమైన మాటలు రెండే: "ఆగుచున్నాను", "ప్రక్కకు తిరుగుచున్నాను". ఇంత చిన్న నిఘంటువు వేరొక భాషకు లేదు. కాని ఇందు ఒక్క మాట అపార్థమైనచో, తిరిగి చెప్పుటకు గాని, తిరిగి అడుగుటకు గాని వ్యవధి యుండదు.

ఈ భాష నేడెట్లున్నదో తెలియగోరువారు సంధ్యవేళ హైదరాబాదు తూర్పు భాగమున దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి. నగర్ దాక నడచిన చాలును. విజయవాడ మీదుగా మచిలీపట్నము చేరు 65వ నంబరు జాతీయ రహదారి ఇదియే. పైన 2018 సెప్టెంబరు నుండి మెట్రో రైలు తిరుగుచున్నది. క్రింద ఆ స్తంభముల కిరువైపుల బస్సులు, లారీలు, ఆటోలు, మోటారుసైకిళ్లు ఒకదాని నొకటి ఒరసికొనుచు సాగుచుండును. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగు సెంటర్లు విడిచిన విద్యార్థులు గుంపులుగా రోడ్డు దాటుదురు. ఎల్.బి. నగర్ కూడలి యొద్ద సాగర్ దారియు, నాగోలు దారియు చీలును. అచట వంతెనలును, క్రిందిదారులును నిర్మించినను, ముందున్న బండి ఎటు పోవునో వెనుకవానికి ముందుగా తెలియవలసిన అవసరము తీరలేదు. అది పైదారి నెక్కునా, క్రిందిదారిలో దిగునా, ప్రక్కకు మరలునా యను ప్రశ్నకు సమాధానము చెప్పవలసినది ఆ చిన్న దీపమే.

తొలుత ఈ సమాధానమును చేయి చెప్పెడిది. 1914 ప్రాంతమున ఫ్లారెన్స్ లారెన్స్ అను అమెరికా మూకీచిత్రనటి తన కారునకు, మీట నొక్కినంతనే వెనుక లేచి దిక్కు చూపు చేతి నొకదానిని, బ్రేకు త్రొక్కినపుడు 'ఆగుము' అని చూపు పలక నొకదానిని అమర్చుకొనెను. ఆమె వానికి పేటెంటు పొందలేదు. తరువాత ఐరోపా కార్లలో తలుపు ప్రక్క స్తంభమునుండి వెలుగు చేయి యొకటి బయటికి పొడుచుకొని వచ్చెడిది. 1939 నమూనా బ్యూయిక్ కార్లతో మినుకు దీపము వాడుకలోనికి రాసాగెను.

మన దేశమున 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములు ఈ భాషకు వ్యాకరణము వంటివి. బ్రేకు దీపము ఎఱ్ఱగా నుండవలెను. ఇండికేటరు నారింజవన్నె పసుపు గలదై, నిమిషమునకు 60 సార్లకు తగ్గక, 120 సార్లకు మించక మినుకవలెను. 'పదము', 'పాదము' అను మాటలను ఒక్క దీర్ఘము వేరుచేసినట్లు, ఆగుటను తిరుగుటనుండి రంగు వేరుచేయును. ఈ భేదము ఊరక పెట్టినది కాదు. అమెరికాలో వెనుక ఇండికేటరు ఎఱ్ఱగా నుండుటకును అనుమతి కలదు. అచటి రహదారి భద్రతా సంస్థ 2009లో వెలువరించిన పరిశీలనలో, తిరుగుచుండగా వెనుకనుండి ఢీకొనబడుట పసుపు దీపముల కార్లకు సుమారు నూటికి 5 వంతులు తక్కువయని తేలినది.

మన ఆలంకారికులు కావ్యదోషములను లెక్కించుచు క్లిష్టము, సందిగ్ధము, నిరర్థకము అను వానిని పేర్కొనిరి. ఈ మూడును నేటి రోడ్డుమీద వెలుగుచునే యున్నవి.

అర్థము తెలియుటకు ఆలస్యమగుట క్లిష్టదోషము. కొన్ని కొత్త కార్లలో ముందరి ఇండికేటరు సన్నని గీతయై, పగటిపూట వెలుగు తెల్లదీపము ప్రక్కనో, హెడ్‌లైటు కాంతిలోనో మునిగిపోవును. కొన్నింట వెనుక ఇండికేటరు బంపరులో మోకాలికన్న దిగువన నుండును. కొత్తపేట రద్దీలో కారునకు ఆనుకొని వచ్చు మోటారుసైకిలువానికి అది కనబడుట యెట్లు? మరికొన్నింట రాత్రి వెలుగు వెనుక దీపమును, బ్రేకు దీపమును ఒకే ఎఱ్ఱని పట్టీలో ఇమిడియుండును. బ్రేకు పడినదో లేదో కాంతి హెచ్చుతగ్గులను బట్టి ఊహించుకొనవలెను. దీనిపై యజమాని నల్లని పూత పూయించినచో, అసలే గొణుగువాని నోటికి గుడ్డ కట్టినట్లగును.

ఒక మాట రెండర్థముల నడుమ ఊగుట సందిగ్ధదోషము. విజయవాడ దారిలో ముందు పోవు లారీకి కుడి ఇండికేటరు వెలిగినది. "నేను కుడికి తిరుగుచున్నాను" అనియా? "దారి యున్నది, నన్ను దాటి పొమ్ము" అనియా? రెండర్థములును వాడుకలో నున్నవి. ఒకటి దాటుమనును, వేరొకటి దాటవలదనును. కూడలిలో నేరుగా పోవుటకు నాలుగు ఇండికేటర్లును వెలిగించు అలవాటు ఇట్టిదే. అవి నాలుగును కలిసి మినుకుట, బండి చెడి నిలిచినదనియో, అపాయమున్నదనియో తెలుపుటకు ఏర్పడినది. ప్రక్కనుండి వచ్చువానికి అందొక వైపు దీపమే కనబడును. బండి తనవైపు తిరుగుచున్నదని అతడు భ్రమించును.

ఇక నిరర్థకము. మోటారుసైకిళ్లకు తగిలించు నీలి, ఎఱ్ఱ మెరుపుదీపము లిట్టివి. తిరిగిన తరువాత ఆర్పుట మరచిన ఇండికేటరును ఇట్టిదే. కారులో స్టీరింగు యథాస్థానమునకు వచ్చినపుడు దీపము తనంతట ఆరు ఏర్పాటు కలదు. ద్విచక్రవాహనములలో పెక్కింటికి లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో వెలిగించిన దీపము ఎల్.బి. నగర్ దాక మినుకుచునే పోవును. అబద్ధము చెప్పు దీపములను పదేపదే చూచినవాడు, నిజము చెప్పు దీపమును గూడ నమ్మడు.

అట్లని కొత్తదంతయు దోషమనుట న్యాయము కాదు. తీగ బల్బు పూర్తిగా వెలుగుటకు సెకనులో సుమారు ఐదవ వంతు పట్టును, ఎల్.ఇ.డి. దీపము దాదాపు తక్షణమే వెలుగును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున ఆ వ్యవధిలో బండి 3 మీటర్లకు పైగా సాగిపోవును. రోడ్డు దాటు బాలుని ప్రాణము నిలుచుటకు ఆ 3 మీటర్లు చాలును. వెనుక అద్దము నడుమ నుండు మూడవ బ్రేకు దీపము 1974లో సాన్‌ఫ్రాన్సిస్కో టాక్సీలపై పరీక్షింపబడి, 1986 నమూనా నుండి అమెరికా కార్లకు తప్పనిసరి యయ్యెను. వెనుకవాని కన్నుండు ఎత్తునకు మాటను చేర్చుటయే అందలి యుక్తి. విద్యుత్ కారులో బ్రేకు త్రొక్కకుండగనే మోటారు వేగము తగ్గించును. అట్టిచోట ప్రతి సెకనునకు వేగము సెకనుకు 1.3 మీటర్లకు మించి తగ్గినచో బ్రేకు దీపము వెలగవలెనని ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన చెప్పుచున్నది.

కాబట్టి కొరత శాస్త్రమున లేదు. వినువానిని మరచుటలో నున్నది. రోడ్డుమీద మాటాడువాడు తన శ్రోత నెరుగడు. ఆ శ్రోత ఈ కూడలిని తొలిసారి చూచు పల్లె విద్యార్థి కావచ్చును, చూపు తగ్గిన వృద్ధుడు కావచ్చును, బడిపిల్లలను ఎక్కించుకొన్న ఆటోవాడు కావచ్చును. వీరందరికి ఒక్క చూపులో తెలియవలెనన్నచో దీపము అందముకన్న ముందు స్పష్టతను కోరవలెను. ఆలంకారికులు దీనినే ప్రసాదగుణమనిరి. విరామచిహ్నముల పాఠము చెప్పు ఉపాధ్యాయులు ఈ దీపములను గూడ ఉదాహరణముగా చూపవచ్చును. సైకిలు విడిచి మోటారుసైకిలు చేపట్టు విద్యార్థి నేర్వవలసినవి మూడు: బయలుదేరుటకు ముందు దీపములు చూచుకొనుట, తిరుగుటకు తగినంత ముందుగా తెలుపుట, తిరిగిన పిమ్మట ఆర్పుట.